అట్టమీది మార్తా చేతులు

నవల రాసినవారి పేరు అట్టమీద ఉంటుంది. ప్రచురించినవారి ముద్ర పుస్తకం వెన్నున ఉంటుంది. ఆ నవలలోని స్త్రీకి ముఖమిచ్చిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. బొమ్మ మూలన ఆమె చేసిన సంతకాన్ని అచ్చుకు ముందే కోసేశారు. ఇది అన్యాయం.

ఆ మనిషి ఐవీ థ్రెల్‌ఫాల్. ప్రెస్టన్‌లో పుట్టి, లండన్‌లో నవలలకు అట్టబొమ్మలు వేసి బతికింది. పంతొమ్మిదివందల యాభైలలో ఆ వృత్తికొక ఆనవాయితీ ఉండేది: చిత్రకారులు నవల చదవనక్కర్లేదు, అరపేజీ సారాంశం చాలు. కథానాయిక ఎవరైనా సరే, అట్టమీద పాతికేళ్ల పిల్ల జుట్టు గాలికి వదిలి, చూపు పక్కకు తిప్పి, మగవాడి భుజానికి ఆనుకోవాలి.

బెరిల్ పెన్‌రిత్ అనే రచయిత్రి కొత్త నవలకు ఐవీ రాతప్రతి మొత్తం అడిగి తెచ్చుకొంది. బస్సులో చదివింది, టీ చల్లారిపోతున్నా చదివింది. అందులో కథానాయిక మార్తా లాండ్రీలో ఇస్త్రీ చేసే నలభై ఏడేళ్ల మనిషి. వెనుకటి నవలల్లో అలాంటి స్త్రీ తలుపు తీసి, టీ అందించి మాయమయ్యేది. ఈమె ఎవరికోసమూ చావదు. చివరికి ఆ లాండ్రీకే యజమానురాలవుతుంది. ఐవీ ఆమెను ఆవిరికి కందిన చేతులు బల్లమీద ఆనించి, చదివేవారి కళ్లలోకి సూటిగా చూస్తున్నట్టు చిత్రించింది.

ప్రచురణ సంస్థలో చిత్రశాఖ పెద్ద పెల్హమ్ ఆ బొమ్మ చూసి నవ్వాడు.

"ఏమ్మా ఐవీ, మీ మేనత్తా? ఈవిడ్ని చూసి పుస్తకం కొంటారా, మాసిన బట్టలు పడేసి పోతారా?"

"నవల చదివారా సార్?"

"నేను చదువుతూ కూర్చుంటే నా పని నువ్వు చేస్తావా? ఇరవయ్యేళ్లు తగ్గించు. ఆ చేతులకు గ్లవ్స్ తొడుగు. కుదరదంటావా, ఇక రానక్కర్లేదు."

పని పోతే అద్దెగది పోతుంది. అయినా ఆ చేతులు కప్పడానికి ఐవీకి కుంచె కదల్లేదు. అచ్చయ్యేదాకా అట్టను రచయితకు చూపకపోవడం ఆ సంస్థ కట్టుబాటు. దానిని తోసిరాజని, బొమ్మను కాగితంలో చుట్టుకొని, వానలో వెళ్లి బెరిల్ తలుపు తట్టింది.

బెరిల్ బొమ్మను దీపం దగ్గరికి పట్టుకొని చూసింది. "మార్తానే... దీన్ని మార్చమన్నారా తల్లీ?"

"పెల్హమ్‌గారు గ్లవ్స్ తొడగమన్నారండీ."

"ఇస్త్రీపెట్టె పట్టేదానికా! పద, ఆయనకే తొడుగుదాం."

మర్నాడు కార్యాలయంలో బెరిల్ చెప్పినది ఒక్కటే: ఈ అట్ట లేకపోతే ఈ నవల లేదు. నవల వస్తోందని ప్రకటనలు అప్పటికే వెలువడ్డాయి; యజమానులు దిగివచ్చారు.

పుస్తకం దుకాణపు అద్దాల వెనుకకు చేరిన రోజున ఇద్దరు లాండ్రీ ఆడవాళ్లు ఆగిపోయారు.

"ఒసే ఎడ్నా, నిన్ను అమ్మకానికి పెట్టారే!"

"నోర్ముయ్యవే. ఆ చేతులు చూడు... అచ్చం మనవే. పద, కొందాం."

మొదటి ముద్రణ నెల తిరక్కుండా అయిపోయింది. ఆపైన ఐవీ కుంచె వెంట డాక్టర్లు, దొంగలు, అమ్మమ్మలు, పెళ్లి వద్దన్నవాళ్లు నిటారుగా అట్టలమీదికి నడిచివచ్చారు. "మా రచయిత్రులంతా నీ బొమ్మే కావాలంటున్నారమ్మా" అంటూ పెల్హమే ఆమె గదికి మెట్లెక్కేవాడు. బొమ్మ పట్టుకెళ్లేవాడు, సంతకం కోసేవాడు.

ఐవీ నేడు లేదు. ఆ నవల అదే బొమ్మతో మళ్లీ వస్తోంది; 'అట్ట: సంస్థ చిత్రశాఖ' అని ప్రకటించారు. ఐవీ పేరున్న ఒప్పందాలు, చిత్తుబొమ్మలు, సంతకంతో కోసేసిన అంచులతో సహా అన్నీ ఆ సంస్థ దస్త్రాల్లోనే భద్రంగా ఉన్నాయి. ప్రచురణకర్తలారా, మార్తా మీకు కావాలంటే ఐవీ థ్రెల్‌ఫాల్ పేరు అచ్చువేయండి. లోపలి పుటలో, కనబడీ కనబడని అక్షరాలలో కాదు. అట్టమీద, రచయిత్రి పేరు కిందనే వేయండి.