ఆమె లేచి నిలబడినందుకు

ఆరేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. మా ఆయనకు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు. శనివారం శనివారం గుడికి వెళ్ళి అక్కడైనా చెప్పుకుందామనుకునేదాన్ని, తీరా గంట కొట్టాక పిల్లల పరీక్షల గురించి మొక్కుకుని వచ్చేసేదాన్ని. దేవుడి ముందే మాట మార్చే మనిషిని, మనుషుల ముందు ఎంత? మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను. వినండి చాలు. జాలి మాత్రం పడకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

విషయం ఇది. కాలు చచ్చుబడిన ఒక మనిషికి వచ్చే పింఛను నేను ఆపించాను. ఆపేయడం అన్యాయమని ఆమె అప్పీలు చేసుకుంటే, ఆ అర్జీ నేనే రాసిపెట్టాను. విచారణ రోజున మళ్ళీ నేనే దాన్ని చంపేశాను. ఇదంతా ఆమెకు నా మీద నమ్మకం ఉండబట్టే జరిగింది.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్ళయ్యాక మల్కాజ్‌గిరి వచ్చాం. సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో నాకు కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది, ఏ ఆఫీసో అడక్కండి. చేరిన వారంలోనే నా యాస అందరికీ ఆటైపోయింది. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, "ఏటమ్మా, వొచ్చీసినావా" అని నలుగురూ ఒకేసారి అనేవాళ్ళు. నవ్వేదాన్ని. ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. లోకల్ రైల్లో పక్కవాళ్ళ మాటలు వింటూ, వంటింట్లో ఒక్కదాన్నే వల్లె వేసుకుంటూ, రెండేళ్ళలో నా నోట్లోంచి మా ఊరిని ఊడ్చి పారేశాను. ఎంత బాగా ఊడ్చానంటే, మా అమ్మ ఫోన్ చేసి "నువ్వేనేటే?" అని అడిగేది.

అప్పట్లో పింఛన్ల తనిఖీ పడింది. ఇంటింటికీ వెళ్ళి, మనిషిని చూసి, ఫారం నింపాలి. నాకు మౌలాలి గుట్ట కింద గల్లీలు వచ్చాయి. తనిఖీ వాళ్ళు వస్తున్నారంటే ఆ గల్లీలో మాకంటే ముందు కబురు నడిచేది. మేం వెళ్ళేసరికి అందరూ మంచాల మీద దుప్పటి కప్పుకుని ఉండేవాళ్ళు. నిజంగా లేవలేనివాళ్ళూ, కాస్త లేవగలిగినవాళ్ళూ, అందరూ ఒకటే మూలుగు. వాళ్ళను తప్పు పట్టను. ఒక్క అడుగు వేసినట్టు కనిపిస్తే పేరు ఎగిరిపోతుందని వాళ్ళకు తెలుసు. అది వాళ్ళకు తెలుసని మాకూ తెలుసు. అందరూ అర్హులే అని రాసుకొస్తే ఇంట్లో కూర్చుని నింపారంటారని మాలో మాకొక భయం కూడా ఉండేది.

ఆమెను పైడమ్మ అంటాను. అసలు పేరు కాదు. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పుల్లలా అయిపోయింది. పెళ్ళి కాలేదు, తమ్ముడింట్లో ముందు గది ఆమెది. నేను వెళ్ళేసరికి ఆమె కూడా అందరిలాగే దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుని ఉంది. గడప దాటబోతూ అక్కడున్న బకెట్టుకి కాలు తగిలి పడబోయాను. "ఓలమ్మో!" అని అరిచాను. రెండేళ్ళ సాధన ఒక్క బకెట్టుతో పోయింది.

దుప్పటి ఎగిరింది. పైడమ్మ లేచి కూర్చుంది. "ఓలమ్మా, మన పిల్లే! మీదే ఊరే?" అంటూ మంచం దిగేసింది. ఎంత వద్దన్నా వినలేదు. మనూరి పిల్ల ఇంటికొస్తే ఎంగిలి పడకుండా పంపుతానేటి అంది. ఈ ఇంట్లో పాలు నా పింఛనువే తల్లీ, ఎవర్నీ అడగక్కర్లేదు అని కూడా అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది. గోడ పట్టుకుంది. తర్వాత కిటికీ చువ్వ పట్టుకుంది. తర్వాత పొయ్యి గట్టు. కాలు వెనకాల ఈడ్చుకొచ్చింది. టీ గ్లాసు కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చెయ్యి గోడకు రాసుకుంటూ మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఆ చెయ్యి ఆనే మేర గోడకు సున్నం పోయి నల్లటి చార పడి ఉంది. నేను చూశాను. ఆ చార ఎన్నేళ్ళదో కూడా లెక్కగట్టాను మనసులో.

అప్పుడే మా సూపర్‌వైజరు గుమ్మంలోకి వచ్చాడు. ఆఫీసుకు కొత్త, నా పాత యాస ఎరగడు. "ఏందమ్మా, మీ సుట్టాలింటికొచ్చినవా? గిట్ల ముచ్చట్లు పెడితే లిస్టు ఎప్పుడు ఖతమైతది?" అన్నాడు. పైడమ్మ సంబరంగా, "మా సికాకోలం పిల్ల బాబూ, మాట ఇంటే తెలీలేదేటి!" అంది. ఆయన పగలబడి నవ్వాడు. "తెలీలేదేటీ" అని సాగదీసి వెక్కిరించాడు. తర్వాత, "మంచిగనే నడుస్తున్నది గద, రాసెయ్" అని ఫోన్ మోగితే దిగి వెళ్ళిపోయాడు.

రాసేశాను. 'ఆధారం లేకుండా నడుస్తున్నారు. స్వయంగా టీ తయారుచేసి ఇచ్చారు.' కింద నా సంతకం. గ్లాసు ఖాళీ చేసి మరీ లేచాను.

ఎందుకు రాశాను? సూపర్‌వైజరు చెప్పాడు కాబట్టి అని చాలాకాలం చెప్పుకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడింది ఎంతసేపు? ఆ గడిలో 'ఆధారంతో' అని రాసుంటే ఆయన మళ్ళీ తిరగేసి చూసేవాడా? చూడడు. లిస్టులో ఒకటో రెండో కొట్టేయాలి కదా అని మరికొంతకాలం చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కోపం వచ్చింది. నేను కష్టపడి దాచుకున్నదాన్ని అంత ఆనందంగా, అంత గట్టిగా, ఆయన ముందు బయట పెట్టేసినందుకు. ఇంతే. నా చేతిలో పెన్ను ఉంది. ఛీ, రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

మూడో నెలకు పింఛను ఆగింది. కర్ర పట్టుకుని, ఆటో ఎక్కి, ఆమె ఆఫీసుకే వచ్చింది. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టైంది. పైనున్నవాళ్ళెవరో తప్పు రాసేశారని ఆమె అనుకుంటోంది. నేనని అనుకోలేదు. నేను చెప్పలేదు. అప్పీలు పెట్టుకోవచ్చు పిన్నీ, నేను రాస్తాను అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో! తప్పు దిద్దుకుంటున్నాననే అనుకున్నాను ఆ పూట. పాత సర్టిఫికెట్టు, కాలి ఫొటో, డాక్టరు చీటీ అన్నీ జత చేశాను. చక్కటి దస్తూరీతో రెండు పేజీలు రాశాను. తనిఖీకి వచ్చిన మనిషి చూసింది ఒకటి, రాసింది ఒకటి అనే ఒక్క వాక్యం మాత్రం రాయలేదు. ఆ వాక్యం ఉంటే మిగతా రెండు పేజీలతో పనే లేదు.

రాస్తున్నంతసేపూ ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. మరదలు మంచిదేనట. కానీ ఇప్పుడు టీ గ్లాసు పెట్టేటప్పుడు చప్పుడు చేస్తోందట. అందుకని తనే టీ మానేసిందట. ఇది నవ్వుతూనే చెప్పింది.

విచారణ రోజున, అప్పీళ్ళు వినే మేడమ్ ఎదురుగా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. రిపోర్టు నాది కాబట్టి నన్నూ పిలిచారు. నేను గోడవార నిలబడ్డాను. మేడమ్ మంచి మనిషి. రిపోర్టు చదివి మెల్లగా అడిగింది.

"నువ్వే లేచి టీ పెట్టినవని రాసున్నది ఇందుల. నిజమేనా అమ్మా?"

"నిజమే తల్లీ. మా ఊరి పిల్ల వొచ్చింది. కూకునుంటానేటి?"

"ఏమన్నా పట్టుకొని నడిచినవా? గోడ, కర్ర? జెర సాఫ్‌గ చెప్పు."

"గోడ పట్టుకోకుండా ఎలాగ నడుస్తాను? ఇదిగో ఈ పిల్లే కదా వొచ్చింది, దీన్నడగండి. దీనికి అబద్ధమాడ్డం రాదు."

మేడమ్ నా వైపు తిరిగింది. "చూసినవా?"

కాంట్రాక్టు ఆ నెలలోనే పొడిగించాలి. ఫైలు అదే బల్ల మీద ఉంది. తప్పుడు రిపోర్టు అని తేలితే నన్ను ఇంటికి పంపడానికి నోటీసు కూడా అక్కర్లేదు. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి. సాకులు ఎంత వేగంగా వస్తాయో!

"గమనించలేదు మేడమ్" అన్నాను.

పైడమ్మ నన్ను చూసింది. కోపంగా చూసుంటే బతికిపోయేదాన్ని. "పోనీలెండి తల్లీ" అంది మేడమ్‌తో, "పని తొందర్లో ఉంది. అన్నీ ఏటి చూస్తాది పాపం. దాన్నేటి అనకండి."

అప్పీలు కొట్టేశారు. మళ్ళీ వైద్య పరీక్ష చేయించుకుని కొత్త సర్టిఫికెట్టు తెచ్చుకోమన్నారు. దానికి తేదీ కావాలి, తేదీకి మనిషి తోడు కావాలి, తమ్ముడికి పని ఎగ్గొట్టడం కుదరాలి. మూడుసార్లు ఆఫీసు మెట్ల దగ్గర కనిపించింది. నేను ఫైళ్ళ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగకూ నాకూ తేడా ఏముంది? తర్వాత రావడం మానేసింది. నా కాంట్రాక్టు పొడిగించారు. ఆ ఏడాదే, ఇంటింటికీ తిరగక్కర్లేని లోపలి సీటు ఇచ్చారు.

మా అక్కది కాప్రా. మౌలాలి మీదుగా వెళ్తే దగ్గర. ఆరేళ్ళుగా చుట్టు తిరిగి వెళ్తున్నాను. ఎందుకే ఇంత ఆలస్యం అని అక్క అడిగితే ట్రాఫిక్ అంటాను. ఇంట్లో ఎవరైనా నువ్వు మంచిదానివి అంటే విసుక్కుంటాను. మా అమ్మాయి స్కూల్లో చిన్న అబద్ధం చెప్పిందని పోయినేడు చెయ్యి చేసుకున్నాను. అది ఏడుస్తూ పడుకుంది. కొట్టే హక్కు ఈ చేతికి ఉందా అని కూర్చుని చేతిని చూసుకున్నాను. ఇలా ఉంటుంది నా బతుకు. బయటికి ఏమీ తెలియదు. లోపల ఒక్క చోట కుదురుగా కూర్చోలేను.

పోయిన వారం కొత్త అర్జీల కట్ట నా బల్ల మీదకు వచ్చింది. వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం ఇప్పుడు నా పని. నాలుగో కాగితం ఆమెది. ఎవరో బడిపంతులు రాసిపెట్టినట్టున్నాడు, పొందికైన అక్షరాలు. మళ్ళీ తనిఖీ చేయమని అడిగింది. చివర్లో ఒక వాక్యం ఉంది. 'మొదట వచ్చిన అమ్మాయినే మళ్ళీ పంపించవలసిందిగా ప్రార్థన. ఆమెకు నా సంగతి తెలుసు.'

ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆమెకు ఎంత తెలుసు? అన్నీ తెలిసే రాయించిందా? ఏమీ తెలియకనా? తెలిసి రాయిస్తే నాకిచ్చిన అవకాశం అది. తెలియక రాయిస్తే అంతకంటే ఘోరం. ఆమె ఇంటికి వెళ్ళి అడగాలనిపించింది. కానీ వెళ్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. కాళ్ళ మీద పడతాను. ఆమె లేవదీస్తుంది. నేను తేలిక పడి ఇంటికొస్తాను, ఆమె పింఛను మాత్రం అలాగే ఆగి ఉంటుంది. అది కూడా నా సుఖం చూసుకోవడమే అవుతుంది.

కాబట్టి ఇవాళ పొద్దున్న తెల్ల కాగితం తీసుకున్నాను. ఆమె గోడ పట్టుకునే నడిచిందని, నేను కళ్ళారా చూశానని, చూసి కూడా తప్పు రాశానని, విచారణలో అబద్ధం చెప్పానని రాశాను. నా పేరు, నా ఉద్యోగం, సంతకం. ఇక్కడ దాచుకున్న పేరు అక్కడ దాచుకోలేదు. దీనితో ఆమె పింఛను తిరిగి వస్తుందో రాదో తెలియదు. ఆరేళ్ళవి ఎలాగూ రావు. నా సీటు ఉంటుందో ఊడుతుందో అదీ తెలియదు. మా ఆయనకు ఈ సాయంత్రం చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదు.

కాగితం తీసుకెళ్ళి, అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్ కిటికీ దగ్గర ఇచ్చాను. అక్కడి గుమాస్తా చదవకుండానే ముద్ర వేసి రిజిస్టరు తెరిచాడు.

"ఎవరి మీద అక్కా కంప్లైంటు?" అన్నాడు, తల వంచుకునే.

"నా మీద."

పెన్ను ఆపి తలెత్తి చూశాడు. సరిగ్గా వినలేదనుకున్నాడేమో. నేను మళ్ళీ చెప్పాను, ఈసారి కాస్త గట్టిగా.