ఖాళీ అరచెయ్యి

అడుగు వేస్తే కీచుమనే బూట్లు కొనితెచ్చింది మా అమ్మాయి రమణ. పొద్దుటి నుంచీ మనవడు వాటితో గోడ పట్టుకుని తిరుగుతుంటే, ఆ కీచు వింటూ వాడి వెనకాలే నడుం వంచి నేనూ తిరిగాను. మద్దిలపాలెం ఆఫీసు నుంచి వాళ్లమ్మ వచ్చేసరికి నా నడుం మళ్లీ నిలబడుతుందన్న నమ్మకం లేదు. ఇందాకే బూట్లు విప్పేసి మంచం కిందికి తోశాను. అమ్మాయి అడిగితే పిల్లి ఎత్తుకుపోయిందంటాను. ఈ విద్య నాకు నూకాలత్త నేర్పింది. అబద్ధమాడటం కాదు, బూట్లు విప్పడం.

నూకాలత్త నాకు చుట్టమేమీ కాదు. మల్కాపురంలో మా పక్క వాటాలో ఉంటూ, తెల్లారకముందే చేపల గంప ఎత్తుకుని వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. వరస లేకపోయినా నన్ను అల్లుడనేది. తిట్టడానికి వీలుగా ఉంటుందని కాబోలు.

ఆ రోజుల్లో హార్బర్‌లో టన్నుల బరువున్న పెట్టెల్ని ఒంటిచేత్తో లేపేవాణ్ణి. లేపేది క్రేను. నేను కింద పెట్టెకు తాళ్లు బిగించి, పైన క్రేను నడిపేవాడికి చెయ్యి ఊపేవాణ్ణి. ఊపింది మాత్రం ఒంటిచేత్తోనే.

రమణ పాకే వయసులో గుమ్మం మెట్ల మీంచి దొర్లి పడింది. గడ్డం చీలి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచీ దాన్ని నేల మీద వదలడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. నడక నేర్పాలి, పడకూడదు. నాకు తెలిసిన పని ఒక్కటే కదా. మా ఆవిడ పార్వతిది పాత చీర ఒకటి తీసి, పిల్ల చంకల కింద నుంచి చుట్టి, హార్బరు ముడి వేసి, రెండు కొసలూ పైనుంచి పట్టుకున్నాను. రమణ కాలి వేళ్లు మాత్రమే నేలకు తగులుతూ ఊగేది. దాని ఈడు పిల్లలు వీధిలో పరుగులు పెడుతున్నా మా పిల్ల గాల్లోనే ఉండిపోయింది. కాళ్లలో లోపమేమీ లేదని డాక్టరు చెప్పినా, కాళ్లు రాని పిల్ల అని పక్కవాళ్లు గుసగుసలాడుతుంటే పార్వతి నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లడం కూడా మానేసింది.

ఒక మధ్యాహ్నం అత్త గంప దించి మా గుమ్మంలో నిలబడింది.

“ఏటి అల్లుడా, పిల్లని ఓడలోకి ఎక్కిత్తన్నావా?”

పడిపోతుందత్తా అన్నాను.

“నువ్వట్టా మోత్తన్నంతసేపూ దానికి కాళ్లున్నాయని ఎలా తెలుత్తాది? నీ ముడులు పిల్లకి కాదు, గుమ్మానికి ఎయ్యి.”

ఆమె పిల్లని ముట్టుకోలేదు. ముందు స్టవ్వును గట్టు మీద పెట్టింది, బకెట్టులోని నీళ్లు పారబోసింది, ఊగే స్టూలు బయట పెట్టించింది. నా చేత గుమ్మానికి అడ్డంగా చెక్క కట్టించి, లాగి చూసి, పనోడివేనంది. అప్పుడు రమణ బూట్లు విప్పి గోడ దగ్గర నిలబెట్టి, వెనకాల అరచెయ్యి తెరిచి పెట్టింది. తగలకుండా, దూరం కాకుండా.

రమణ ఒక అడుగు వేసి చతికిలబడింది. వెంటనే నా వైపు చూసింది. నేను నోరు తెరవబోయాను.

“నోరు ముయ్యి. అది నీ మొగంలో ఏడుపు ఎతుకుతంది,” అంది అత్త మెల్లగా.

మూశాను. కాసేపు వెతికి, దొరక్క, పిల్ల మళ్లీ గోడ పట్టుకు లేచింది. ఆ సాయంత్రమే హార్బరు గేటు దాకా నడిచిందని చాలామందికి చెప్పాను. నిజానికి నీళ్ల కుండ దాకా. అదీ చాలా రోజుల తర్వాత.

ఏళ్లు గడిచాక అత్తకు పక్షవాతమొచ్చి ఎడమ కాలు పడిపోయింది. కొంచెం కోలుకోగానే గోడ పట్టుకుని వీధిలోకొచ్చింది. నేను పరుగెత్తి రెక్క పట్టుకోబోయాను.

“పట్టుకోకు. ఎనకాలుండు.”

ఉన్నాను. ఆమె వీపు వెనక అరచెయ్యి తెరిచి, తగలకుండా, రోజూ ఆ వీధి చివరిదాకా. ఆమె పడే అంత నరకం చూస్తూ కూడా నా కంట చుక్క రాలలేదు. రాలింది. వెనకాల ఉన్నాను కాబట్టి ఆమెకు కనపడలేదు. కుళాయి దాకా తనంతట తాను నడిచి నీళ్లు పట్టుకున్నాకే పోయింది అత్త.

మనవడు ఇప్పుడు వట్టి కాళ్లతో గోడ వదిలేశాడు. ఒక అడుగు వేసి కూలబడి, నా మొహంలోకి చూస్తున్నాడు. మోకాళ్ల నొప్పిని కూడా మొహంలోకి రానివ్వకుండా కూర్చున్నాను. వాడు లేచాడు. వాడి వెనకాల నా అరచెయ్యి. ఓడలకు ఓడలు దింపినా నొప్పెట్టని చెయ్యి, ఏమీ పట్టుకోకుండా ఇలా ఉంటేనే లాగేస్తోంది. హార్బర్‌లోనూ నొప్పెట్టేదిలెండి. కాకపోతే అప్పుడు చెయ్యి దించేసేవాణ్ణి.