మూసుకుపోతున్న కవాటాన్ని తెరిచిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, అవి డెబ్భయ్యో దశకం చివరి రోజులు, నేను పుంగనూరులో సైన్సు టీచరును, నల్లబల్ల మీద గుండె బొమ్మ గీసి పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు, చెడు రక్తం కుడివైపుకు వచ్చి ఊపిరితిత్తులకు పోతుంది, అక్కడ శుభ్రపడి ఎడమవైపుకు తిరిగొచ్చి ఒళ్లంతా పారుతుంది అని పిల్లలకు చెప్తూ చెప్తూనే ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడిపోయేదాన్ని! అప్పుడు నాకు నాలుగో నెల.

చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాపులతో నెలల తరబడి మంచం పట్టాను, గుండె దెబ్బతిన్నదని అప్పుడే చెప్పారు, కానీ పెళ్లి చెడిపోతుందని మావాళ్లు దాచారు, నేనూ దాచాను. మా ఆయన జయరాజు అడిగితే నీరసమే అనేదాన్ని. ఒక ఆదివారం మందిరంలో పాట పాడుతూ దగ్గితే చీరకొంగు మీద రక్తం పడింది సహోదరులారా!

మదనపల్లెలో డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "చిన్నప్పుడు కీళ్లవాపులు వచ్చినాయామ్మా?" అని అడిగింది. పక్కనే మా అత్త కాంతమ్మ ఉంది. ఇక దాచలేక "వచ్చినాయి" అన్నాను.

"ఎడమవైపు పై గదికీ కింది గదికీ నడుమ ఉండే కవాటం సన్నబడిపోయిందమ్మా. రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాండాది. నెలలు నిండేదాకా నీ గుండె తట్టుకోలేదు, ఆపరేషన్ చేయించాల" అంది.

బయటికి రాగానే మా అత్త, "తెలిసి కూడా యాల దాసిపెట్టినావు? నా కొడుకు ఏం పాపం చేసినాడు?" అంది, అంతే, మాట్లాడడం మానేసింది. నేను ఇంట్లో మోకాళ్లూని ఏడ్చాను: "ప్రభువా, నీ ముందర అబద్ధంగా బతికినాను, క్షమించు. ఈ గుండె నువ్వు చేసిందే, నువ్వే తెరువు. బిడ్డను నీ చేతికిస్తాండాను." ఆశ్చర్యం, లేచేసరికి భయం పోయింది, మా ఆయనకూ అంతా చెప్పేశాను!

కుప్పంలో రైలెక్కి పెద్దాసుపత్రికి పోయాం, మా అత్త కూడా మూట సర్దుకుని వెంట వచ్చింది. ఆపరేషన్‌కు రక్తం కావాలన్నారు, జయరాజు రక్తం నాకు కలవలేదు. అప్పుడు ఆ తల్లి రవికె చెయ్యి పైకి లాగి, "నాకు ఈ పిల్ల మింద కోపం ఉండాది, అయినా నా రగతం సూడండయ్యా. ఈ పిల్ల నాకు గావాల" అంది. ఆమె రక్తం కలిసింది, హల్లెలూయ!

మత్తిచ్చి, ఎడమ పక్కటెముకల నడుమ కోసి, గుండె కొట్టుకుంటూ ఉండగానే డాక్టరుగారు వేలు లోపలికి పెట్టి అతుక్కున్న ఆ కవాటాన్ని విడదీశారట! మెలకువ వచ్చాక నిండా ఊపిరి తీసుకున్నాను, ఎన్నేళ్లకో! అయిదు నెలలకు ఆడపిల్ల పుట్టింది, మొదట ఎత్తుకున్నది మా అత్తే.

ప్రియులారా, లోపల జబ్బో పాపమో దాచుకుని కుమిలిపోతున్నవారు ఈ రోజే నోరు తెరిచి దేవునికి చెప్పండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోండి, ప్రభువు ఆ చేతుల ద్వారా కూడా పనిచేస్తాడు! మా పాపకు ఇప్పుడు ఏడేళ్లు, నన్ను దాటి పరుగెడుతోంది, నేనూ వెనకే పరుగెడుతున్నాను. దేవునికే మహిమ!