మళ్ళీచూడు మావయ్య

ఆయనకున్న జబ్బు ఒక్కటే. దేన్నీ ఒకసారి చూసి నమ్మడు. "మళ్ళీ చూడండి" అంటాడు. పొద్దున్నే లేచి గడియారం చూసి, "ఏమేవ్, నువ్వోసారి చూడు" అని భార్యను కేకేస్తాడు. వాన పడుతోందని ఎవరైనా అంటే కిటికీలోంచి చెయ్యి చాపి తడుపుకుని, అనుమానం తీరక రెండో చెయ్యి కూడా చాపుతాడు. వీధి మొత్తానికి ఆయన మళ్ళీచూడు మావయ్య. అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అక్కడైనా ఉందో లేదో ఏటా రెండుసార్లు వెళ్ళి చూసుకొచ్చేవాడు.

పని, పుస్తకాలకు అట్టలు కట్టడం. ఇంటి ముందుగది నిండా జిగురు వాసన, దారపు ఉండలు, కాగితాల దొంతరలు. పెళ్ళయిన కొత్తలో ఒక వంటల పుస్తకం మధ్యలో తోటపని పుస్తకం పేజీలు కలిపి కుట్టేశాడట. పులుసు మరిగాక రెండు బుట్టల పేడ ఎరువు వెయ్యమని ఉందేమిటని కొన్నావిడ ఇంటిమీదికొచ్చింది. ఆనాటినుంచే ఈ జబ్బు పట్టుకుందని అత్తయ్య చెప్పి నవ్వేది.

అల్లుడు బడి మాస్టారు. "మీ అమ్మాయిని చేసుకుంటానండీ" అని అడగడానికి వచ్చిన రోజున మావయ్య, "మళ్ళీ చెప్పండి బాబూ" అన్నాడు. చెప్పాడు. "తొందరేం లేదు, ఇంకోసారి ఆలోచించి చెప్పండి." మూడోసారికి లోపల్నుంచి అమ్మాయే అరిచింది. "నాన్నా, ఇక చాలు! ఆయన నిజంగానే ఆలోచించేలా ఉన్నారు!"

తర్వాత మనవరాలు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి "ఆడపిల్లండీ" అంది.

"మళ్ళీ చూడమ్మా."

నర్సు మొహం మాడ్చుకుంది. "ఏం, ఆడపిల్లయితే వద్దా?"

"అయ్యో తల్లీ, అదే కావాలి! తీరా కాదంటే తట్టుకోలేను. అందుకే చూడమంటున్నా."

ఈ జబ్బు పూర్తిగా ముదిరేది ఓట్ల లెక్కింపు రోజున. మావయ్య ముప్ఫయ్యేళ్ళుగా గొడుగు పార్టీ తరఫున లెక్కింపు బల్ల దగ్గర కూర్చునేవాడు. కిందటి ఎన్నికల్లో మాస్టారుకూ అదే బల్ల మీద ఓట్లు విప్పే పని పడింది. ముద్ర రెండు గడుల మధ్య పడ్డ కాగితం ఒకటి వస్తే మాస్టారు దాన్ని చెల్లని ఓట్లలో పడెయ్యబోయాడు.

"ఆగండాగండి! మళ్ళీ చూడండి అల్లుడుగారూ. ముప్పాతిక ముద్ర నిచ్చెన గడిలోనే ఉంది."

"మావయ్యా, మీ పార్టీ గొడుగు కదా?"

"నాది గొడుగే. ఈ ఓటు నిచ్చెనది."

పావుగంట వాదించాడు. గొడుగు పార్టీ కార్యదర్శి తల పట్టుకున్నాడు. నిచ్చెన తరఫు మనిషికే మొహమాటమేసి, "పోనివ్వండి మావయ్యా, ఒక్క ఓటేగా" అన్నాడు. "ఒక్క ఓటు వెయ్యడానికి ఒక నిండు మనిషి కావాలయ్యా" అని ఆయన్నే కసిరాడు. చివరికి ఆ ఓటు నిచ్చెన కట్టలోకి చేరేదాకా కుర్చీలో కూర్చోలేదు. ముసలాయనకు మతి పోయిందని ఆ సాయంత్రం అందరూ అనుకున్నారు. మాస్టారూ అనుకున్నాడు.

ఆ తర్వాత ప్రభుత్వం కాగితాలు తీసేసి ఓటు యంత్రాలు పెడతామంది. వాటిని జనానికి చూపించే పని బడి మాస్టార్ల నెత్తిన పడింది. మాస్టారు తరగతి గదిలో బల్ల మీద యంత్రం పెట్టి వీధివాళ్ళందరినీ పిలిచాడు. పాత గుర్తులే వరసగా అంటించి ఉన్నాయి, నిచ్చెన కిందే గొడుగు. అత్తయ్య కూడా వచ్చింది. ఆవిడ చేతులకు పదేళ్ళుగా వణుకు. వేలు చాపింది, అది గాలిలో ఊగిసలాడి ఎక్కడో దిగింది. కుయ్యిమంది. గొడుగు పక్కన దీపం వెలిగింది.

"చూశారా, మొగుడి పార్టీకే!" అని అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య కూడా నవ్వి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మావయ్య మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ, "నాకింక ఓటెందుకులే" అంది, అన్నం చాలు అన్నంత మామూలుగా.

"సాయం తీసుకెళ్ళొచ్చు అత్తయ్యా. మావయ్య మీతో లోపలికొచ్చి నొక్కుతారు" అన్నాడు మాస్టారు.

"ఆయనా? వద్దు వద్దు!" అని ఉలిక్కిపడి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి మావయ్య యంత్రాల మీద యుద్ధం మొదలెట్టాడు. అర్జీలు రాశాడు, ఒక్కోటీ రెండుసార్లు. వాటికి అట్టలు కట్టి, పుస్తకాల్లా వీపున గుడ్డ అంటించి మరీ ఎన్నికల ఆఫీసులో ఇచ్చాడు.

"మా యంత్రం తప్పు చెయ్యదండీ" అన్నాడు ఆఫీసరు.

"తప్పు చెయ్యనివాళ్ళకు మళ్ళీ చూపించమంటే అంత కోపమెందుకండీ?"

"చూపించడానికి అందులో కాగితం ఉండదు కదండీ."

"అదేనయ్యా నా ఏడుపు! మనిషి వేలు వణికితే ఆ వణుకునే ఓటంటుంది మీ యంత్రం. ముద్రయితే ఎటు పోబోయి ఎటు పోయిందో కాగితం చెబుతుంది. దీన్ని ఎవర్ని అడగను?"

ఆఫీసరు మంచినీళ్ళిప్పించాడు.

మొదట్లో గొడుగు పార్టీ కూడా యంత్రాలు వద్దని ఊరేగింపులు తీసింది. తర్వాత గాలి తమవైపు తిరిగిందని తెలిసి చల్లబడింది. "ఈసారి గెలిచేట్టున్నాం. ఇక ఊరుకోండి మావయ్యా" అన్నాడు కార్యదర్శి. మావయ్య ఊరుకోలేదు. ఒక్కడే అట్టముక్క మెడలో వేసుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. 'కాగితం ఉండాలి' అని దాని మీద రెండుసార్లు రాసుంది. దారినపోయేవాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. మామగారి పరువుతోపాటు తన పరువూ పోతోందని మాస్టారు లోలోపల కుమిలిపోయాడు.

ఎన్నికలు ఇరవై రోజులున్నాయనగా అత్తయ్య పోయింది. జ్వరంతో ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులే ఉంది. డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, "లేరండీ" అన్నాడు.

"మళ్ళీ చూడండి డాక్టరుగారూ."

ఆ డాక్టరు మావయ్యను ఎరిగినవాడే. మారుమాట్లాడకుండా స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. మావయ్య మూడోసారి చూడమనలేదు. ఆయన చూడమంటే బావుండునని మాస్టారుకు అనిపించింది. అప్పుడే వచ్చింది ఏడుపు.

వారం తర్వాత ముందుగది సర్దుతుంటే అత్తయ్య మడిచి పెట్టిన కాగితాలు కనిపించాయి. పుస్తకం కుట్టేముందు అచ్చు కాగితాలు మావయ్యకు మడిచి ఇచ్చేది ఆవిడే. అంచుకు అంచు కలిపి, మడత మీద బొటనవేలి గోరుతో గీసేది. చేతులు వణికే రోజుల్లోనూ ఆ గీత మాత్రం తిన్నగానే ఉండేది.

"ఇలాంటి మడత ఊరు మొత్తమ్మీద ఇంకెవరూ పెట్టరు" అన్నాడు మావయ్య కాగితాన్ని వెలుతురుకి పట్టి. "ముప్ఫయ్యేళ్ళు లెక్కింపు బల్ల మీద ఈ మడత చూశాను అల్లుడుగారూ. ప్రతిసారీ నిచ్చెనకే."

మాస్టారు చేతిలో దొంతర అలాగే ఉండిపోయింది. కిందటిసారి తను పడెయ్యబోయిన కాగితం గుర్తొచ్చింది. దాని మడతా ఇలాగే కత్తిలా ఉంది.

"ఎప్పుడూ అడగలేదా అత్తయ్యని?"

"ఎలా అడుగుతానండీ? రహస్య ఓటు కదా" అన్నాడు మావయ్య. కాగితాన్ని ఆ మడత మీదే మళ్ళీ మడిచి, "నాకు తెలుసని తెలిస్తే పాపం, నాకోసం గొడుక్కేసేసేది" అన్నాడు.

యంత్రాలు వచ్చాయి. పోలింగు రోజున మాస్టారు జాబితాలో గుర్తు పెట్టే బల్ల దగ్గరున్నాడు. మావయ్య పేరుకింద అత్తయ్య పేరు ఎర్రగీతతో కొట్టేసి ఉంది. ఆయన ఆ గీతను చూశాడు, మళ్ళీ చూశాడు, యంత్రానికి అడ్డం పెట్టిన అట్ట చాటుకి వెళ్ళాడు. ఎంతకీ చప్పుడు లేదు. బయట వరసలో గొణుగుడు మొదలైంది.

"మావయ్యా, అయిందా?"

"ఉండండి. వేలు సరైన చోటే ఉందో లేదో చూసుకుంటున్నా."

కుయ్యిమంది. బయటికొచ్చి మాస్టారు వైపు చూసి, "ఎప్పుడూ లేంది, నా చెయ్యీ వణికింది" అన్నాడు. "అయినా మీ అత్తయ్య మడతలా తిన్నగానే పడింది."

ఆ వార్డులో గొడుగు ఒక్క ఓటుతో ఓడిపోయింది. కార్యదర్శి పరుగెత్తుకుంటూ మావయ్య ఇంటికొచ్చాడు. "యంత్రంలో ఏదో మోసముంది! మీరన్నదే నిజం. పదండి, మళ్ళీ లెక్కపెట్టమని అడుగుదాం! ఆ మాట మీరంటేనే అందం!"

మావయ్య దారానికి మైనం రాసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"యంత్రాన్ని ఇప్పుడూ నమ్మను. కాగితం పెట్టమని రేపు మళ్ళీ అర్జీ ఇస్తాను" అన్నాడు. "ఈసారి లెక్క మాత్రం సరిగ్గానే ఉందయ్యా. మళ్ళీ చూడక్కర్లేదు."

కార్యదర్శి నోరు తెరిచి, మాస్టారు వైపు తిరిగాడు. "ఏమన్నారాయన? నేను సరిగ్గానే విన్నానా?"

మాస్టారుకు నవ్వొచ్చింది. ఆపుకుని, అత్తయ్య మడిచిన ఆఖరి కట్టను మావయ్య చేతికి అందించాడు.