అమ్మ చెప్పిన హాలీవుడ్ తార కథ

నాకప్పుడు తొమ్మిదేళ్ళు... దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా రెండు గదుల ఫ్లాట్‌లో అమ్మ నా గౌనుకి అంచులు సరిచూస్తోంది. నోట్లో గుండుసూదులు. నాకేమో కాలు ఒకచోట నిలవదు!

"కుదురుగా నిలబడవే బాబూ... నాకు డ్యూటీ టైమైపోతోంది."

మర్నాడు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. నేను పాతకాలం హాలీవుడ్ తారని. అందరూ రాణులూ దేవకన్యలూ వేస్తుంటే నాకెందుకమ్మా ఈవిడ అన్నా వినలేదు.

అమ్మది పాలకొల్లు. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఎవరో పేషెంటు వదిలేసిన ఇంగ్లీషు పత్రికలో ఆ తార ఫోటో, జీవితకథ దొరికాయి. దుప్పట్ల కింద దాచుకుని, నాకు అన్నం పెడుతూ ఆ కథ చెప్పేది... పేదింటి పిల్లట. సినిమా కంపెనీవాళ్ళు పేరు మార్చేశారట, పళ్ళు సరిచేయించారట, ఏడేళ్ళ కాంట్రాక్టు రాయించుకున్నారట. తండ్రి పోయాడని కబురొస్తే సెలవివ్వలేదట. ముఖం కడుక్కుని, పౌడరు రాసుకుని, ఆ రోజు కూడా కెమెరా ముందు నవ్విందట.

పోటీలో నేను చెప్పాల్సింది ఈ కథే. చివరి వాక్యం ఆ నవ్వు గురించి. వారం రోజులు బట్టీ పట్టించింది. డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చి మూడో వరసలో కూర్చుంది.

స్టేజీ ఎక్కాను... మెడ దాకా, మణికట్టు దాకా నల్ల గౌను. నాలుగు వాక్యాలైనా అవ్వలేదు, జడ్జిగా వచ్చిన పెద్దావిడ పకపకా నవ్వేసింది. ఆ తార సినిమాలు ఆవిడ థియేటర్లో చూసిందట.

"అయ్యో తల్లీ, ఆ గౌనుకి చేతులే ఉండవు! పత్రికలో పూసిన మార్కరు చూసి కుట్టారా?"

అప్పట్లో ఇక్కడికొచ్చే విదేశీ పత్రికల్లో ఆడవాళ్ళ భుజాలు కనిపిస్తే నల్ల సిరా పూసి అమ్మేవారు. అసలు గౌనూ నలుపే కావడంతో సిరా అందులో కలిసిపోయింది. ఆ పూత అంచుల వెంటే అమ్మ గౌనుకి మెడా చేతులూ కత్తిరించి కుట్టింది పాపం... హాలంతా నవ్వింది. నేను మిగతా కథ చెప్పకుండానే దిగిపోయాను.

టాక్సీలో అమ్మ మీద అరిచాను. "నీకేం తెలీదు. ఇంకెప్పుడూ ఆవిడ కథ చెప్పకు!"

"సర్లేమ్మా" అంది. అంతే... నిజంగానే ఇంకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ కథే కాదు, ఏ కథా చెప్పలేదు.

మొన్న శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు అదే, చర్చి నుంచి వచ్చాక ఊరికే ఫోన్లో ఆ తార గురించి వెతికాను. పేరు మార్చడం, పళ్ళు, కాంట్రాక్టు... అన్నీ నిజమే. తండ్రి మాత్రం ఆవిడ ఉయ్యాల్లో ఉండగానే పోయాడు!

ఇంకో రెండు చోట్ల చూశాను. అక్కడా అదే. ఇక కూర్చోలేకపోయాను... తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, పోయేనాటికి అమ్మ ఇక్కడ ఉద్యోగంలో చేరి ఏడాదే. పాస్‌పోర్టు ఉద్యోగమిచ్చిన కంపెనీ దగ్గర ఉండిపోయి, సెలవు దొరక్క, ఊరికి రాలేకపోయిందని అమ్మమ్మ ఒకసారి అంది. అమ్మ నోట ఆ మాటే వినలేదనుకున్నాను ఇన్నేళ్ళూ. ముఖం కడుక్కుని వార్డులోకి నవ్వుతూ వెళ్ళింది మా అమ్మే! తను చెప్పుకుంది, నాకే చెప్పుకుంది. నేను నోరు మూయించాను.

అమ్మ ఇప్పుడు దోహాలోనే, ఐన్ ఖాలిద్‌లో మాతోనే ఉంటోంది. తన గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను.

"ఏంటే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంది.

"తాతయ్య పోయిన రోజు... నువ్వేం చేశావమ్మా?"

మంచం మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. "ఆవేళ వార్డులో పద్నాలుగు మంది పేషెంట్లున్నారే..." అని మొదలుపెట్టింది.

ఇప్పుడు ఎవరి జీవితమైనా ఫోన్లో రెండు నిమిషాల్లో దొరుకుతోంది... మన అమ్మలది తప్ప. మీ అమ్మ తన కథ ఎవరి పేరు పెట్టి చెప్పింది? గుర్తొస్తే ఇక్కడ రాయండి... కానీ ముందు వెళ్ళి ఆమెనే అడగండి.