మంచు కొండకి ఐస్ సీసాలు

గురువారం సాయంత్రమైతే మా తోడికోడలికి ఒకటే పని. ప్లాస్టిక్ సీసాల్లో మెడ దాకా నీళ్ళు నింపి, డీప్ ఫ్రీజర్లో చేపల పొట్లాల పక్కన వరసగా పడుకోబెట్టేది. శుక్రవారం తెల్లవారకముందే మేమిద్దరం పరుగుకి బయల్దేరేవాళ్ళం. దోహా వేడికి ఆ సీసాలు వీపు మీది సంచిలో మెల్లగా కరుగుతూ, మేం అలిసిపోయే వేళకి చక్కగా తాగే నీళ్ళయ్యేవి. ఒక వారం నేను జ్వరంతో పడుకుంటే, నా సీసాలు కూడా నింపి ఫ్రీజర్లో పెట్టిందావిడ. ఎందుకక్కా అంటే, చెయ్యి ఊరుకోలేదంది.

ఆవిడ మా వారి అన్నగారి భార్య. పుట్టింది జగిత్యాల దగ్గర, దోహాలో ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. నాది భీమవరం వైపు. పెళ్ళయి నేను దోహాలో దిగేనాటికి గ్యాస్ డబ్బుతో ఊరు ఊరంతా పైకి లేస్తోంది. వెస్ట్ బేలో ఎటు చూసినా క్రేన్లే. నాకు మాత్రం మెసైమీర్‌లో మా ఫ్లాటు దిగి, కింద బకాలా కొట్లో పెరుగు కొనుక్కు రావాలన్నా గుండె దడే. దానికి తోడు ఎవరేమన్నా "సరే" అనడం నా జబ్బు. కొట్టువాడు చితికిన టమాటాలు వేసినా సరే. ఉద్యోగంలో చేరాక, ఎదుటి సీటు వాళ్ళ పని నా బల్ల మీదికి వచ్చిపడినా సరే.

"నోట్లె నాలిక లేదానే నీకు?" అని అక్క రోజూ తిట్టేది. తిడుతూనే నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళేది. మొదట్లో ఇంటి చుట్టూ నడక. నడక కొన్నాళ్ళకి పరుగైంది. ఎప్పుడు లేవాలో, ఏ బూట్లు కొనాలో, ఎంత దూరం పోవాలో అన్నీ ఆవిడే చెప్పేది. నేను సరే అనేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆవిడకి సరే అనడంలో ఉన్న సుఖం నాకు మరెక్కడా దొరకలేదు.

ఈద్ పండగ సెలవులకి దోహా పరుగుల బృందం ఒకటి రష్యా పక్కనున్న జార్జియా దేశానికి వెళ్తోందని అక్కే కనుక్కొచ్చింది. అక్కడి కొండల్లో వేసవి మొదట్లో కూడా మంచు కరగని కనుమలు రెండున్నాయట. ఒక్క రోజులో రెండూ దాటి అవతలి ఊళ్ళో దిగాలి. మరి దోహాలో కొండెక్కడుంది? దోసె పెనంలాంటి నేల. దానికీ అక్క దగ్గర ఉపాయం ఉంది. వెస్ట్ బేలో మా ఆఫీసు పక్కన అంతస్తుల కార్ పార్కింగ్ ఒకటుంది. శుక్రవారం పొద్దున అందులో కార్లుండవు. మెలికలు తిరిగే ర్యాంపు మీద కింది నుంచి డాబా దాకా పరుగెత్తి, దిగి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. అక్కడ కాపలా ఉండే మలయాళీ పెద్దాయన, మేం కారు ఎక్కడ పెట్టామో మర్చిపోయి తిరుగుతున్నామనుకుని పాపం వెతకడానికి లేచాడు. సంగతి తెలిశాక కుర్చీ జరుపుకుని మమ్మల్ని చూస్తూ కూర్చునేవాడు.

డాబా మీదికి చేరినప్పుడల్లా అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇగో, ఒక కనుమ దాటినం. యల్లా, ఇంకోటి!" అనేది. యల్లా అంటే అరబ్బీలో పద పద అని. చెమట కళ్ళలోకి కారుతుంటే నాకు మంచనేది ఊహకే అందేది కాదు. చలికాలంలో సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీదికి తీసుకెళ్ళేది. దిబ్బ దిగేటప్పుడు వెనక్కి వాలకుండా, మడమ ముందు గుచ్చి దిగాలని అక్కడే నేర్పింది.

ఇంతలో అక్క ఎడమ మోకాలు మొరాయించింది. లోపల అరిగిపోయింది, ఆపరేషన్ తప్పదు, ఆ తర్వాత నడకే గానీ పరుగు మాట ఎత్తొద్దని డాక్టరు తేల్చేశాడు. ఆ రోజుల్లోనే బావగారి కంపెనీ ప్రాజెక్టు కూడా అయిపోయింది. సెలవుల నుంచి రాగానే సామాను కట్టుకుని వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోవాలి. ఆపరేషన్ అక్కడే. అంటే ఆ రెండు కనుమలే అక్కకి ఆఖరి పరుగు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మేం బయల్దేరే ముందు బావగారు నన్ను పిలిచారు. "రెండు కనుమల నడుమ ఓ పాక ఉంటదట గద. ఆడ్నుంచి కిందికి తొవ్వ ఉన్నదట. ఆడ ఈమె మోకాలు నువ్వు చూడాలమ్మా. వాస్తే మాత్రం ఇద్దరు దిగిపోండ్రి. ఈమె మాట నేను నమ్మ."

అక్క పక్కనే కూర్చుని బట్టలు సర్దుతోంది. "ఆమె నాకు అడ్డం చెప్తదా?" అని పకపకా నవ్వింది. బావగారు నవ్వలేదు. నేను ఎప్పటిలాగే సరే అన్నాను.

జార్జియాలో మా బస ఒక చిన్న ఊళ్ళో, ఒక పెద్దావిడ ఇంట్లో. వెనకాల తెల్లటి కొండలు కనపడేలా నిలబడి ఫోటో తీయించుకుని అక్క వాళ్ళమ్మకి పంపింది. వెంటనే ఫోన్ మోగింది. "దుబాయిల గింత మంచు పడ్డదా బిడ్డా?" అని ఆ తల్లి ఆశ్చర్యం. ఆవిడకి దోహా అయినా దుబాయే, జార్జియా అయినా దుబాయే. అక్క విడమరిచి చెప్పబోయి, "ఆఁ, పడ్డదే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రమే అక్క సీసాలన్నీ నింపి, సైగలతో అడిగి, ఆ పెద్దావిడ ఫ్రీజర్లో పెట్టింది. ఆవిడ కిటికీలోంచి కొండల వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, భుజాలెగరేసింది. పక్కనే నిలబడ్డ నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ఫ్రీజర్ తలుపు పట్టుకున్నది నేనే.

తెల్లవారకముందే తలకి లైట్లు కట్టుకుని కదిలాం. బృందంలో కుర్రకారంతా చూస్తుండగానే మాయమైపోయారు. ఎప్పటిలాగే చివర మేమిద్దరం, మా వెనక ఆ ఊరి గైడు. మొదట గడ్డి, తర్వాత అక్కడక్కడా మంచు, ఎండ వచ్చేసరికి కాలి కింద అంతా మంచే. ముక్కు చివర మండింది. ఊపిరి గొంతులో గుచ్చుకుంది. అయినా ఇంత వెలుతురు, ఇంత శుభ్రమైన గాలి నా జన్మలో ఎరగను. సంతోషం పట్టలేక నేను ఊరికే నవ్వుతూ నడిచాను.

ఎక్కేచోట నడక, చదునుగా ఉన్నచోట పరుగు. అక్క ఎర్ర టోపీ నాకు ముందు ఊగుతూ పోతోంది. మలుపు వచ్చినప్పుడల్లా "యల్లా!" అని కేక. మొదటి కనుమ మీద నిలబడేసరికి రెండు వైపులా కొండలు కనపడ్డాయి, అక్క చేతులు రెండూ పైకెత్తి పెద్దగా అరిచింది. నేనూ అరిచాను. అప్పుడు దాహం గుర్తొచ్చి సీసాలు తీశాం.

రాళ్ళు. అచ్చంగా రాళ్ళు. మూత తీసి బోర్లిస్తే ఒక్క చుక్క రాలేదు. చలిలో ఐస్ కరగదన్న సంగతి, లెక్కల టీచరుకీ అకౌంట్స్ చూసే నాకూ మంచు మధ్యలో నిలబడ్డాక తట్టింది. గైడు మా సీసాల వంక చూశాడు, చుట్టూ ఉన్న మంచు వంక చూశాడు, కడుపు పట్టుకుని మంచులోనే కూలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక తన నీళ్ళు మాకు తలా కాసిన్ని పోశాడు.

"దోహా మెదడే మనది," అంది అక్క. "ఏడికి పోయినా ఎండనే అనుకుంటం."

దిగేటప్పుడు ఇసుక దిబ్బల చదువు అక్కరకొచ్చింది. మడమలు గుచ్చుతూ దిగుతుంటే మెత్తబడ్డ మంచు కాళ్ళని చక్కగా ఆపుతోంది. కానీ సగం దూరం వచ్చేసరికి అక్క "యల్లా" అనడం మానేసింది. ఎడమ కాలు వంచకుండా, పక్కకి తిప్పి వేస్తోంది. నేను అడగలేదు. పాక ఎలాగూ వస్తుంది.

గొర్రెలకాపరుల రాతి పాక అది. గుమ్మంలో కూర్చుని అక్క తనంతట తానే లాగు పైకి మడిచింది. మోకాలు వాచి గుండ్రంగా అయిపోయింది. అక్క సంచిలోంచి ఐస్ సీసా తీసి, మోకాలి మీద పెట్టి, చున్నీతో గట్టిగా కట్టింది. "చూసినవా, ఎందుకు పెట్టిన్నో ఇప్పుడు తెలిసింది," అని కన్ను గీటింది. నాకు నవ్వు రాలేదు. ఎదురుగా రెండో కనుమ ఎండలో తళతళమంటోంది. మా వాళ్ళు అప్పటికే దాని మీద చీమల్లా కనపడుతున్నారు. అక్క వాళ్ళనే చూస్తోంది.

చాలాసేపు అలాగే కూర్చున్నాక చున్నీ విప్పింది. "ఇగో, వాపు దిగింది చూడు. లేస్తున్న నేను."

నేను వంగి చూశాను. వేళ్ళతో తడిమాను. కొంచెం తగ్గిన మాట నిజమే. వాపు మాత్రం పోలేదు. నొక్కితే అక్క పెదవి కొరుక్కుంది.

"తగ్గలేదక్కా."

"గంత చాలు. ఒక్కటే ఉన్నది గదా. మెల్లగ నడుస్త. మీ బావకు వాపు దిగిందని చెప్పు." ఆ కళ్ళలో ఉన్నది ఆజ్ఞ కాదు. ఆవిడ నన్ను అడుగుతోంది. పదేళ్ళుగా నన్ను నడిపించిన మనిషి మొదటిసారి నన్నొకటి అడుగుతోంది. నాకు ఆవిడంటే ప్రాణం. ఆ కనుమ ఆవిడ దాటాలని నా అంత గట్టిగా కోరుకున్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు. "సరే" అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది.

"వద్దక్కా," అన్నాను. "దిగిపోదాం."

"ఏందే?"

"దిగిపోదాం. నేను రాను. మిమ్మల్ని వెళ్ళనివ్వను."

నేను మాట మార్చలేదు. అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. స్కూల్లో పిల్లలు ఆ చూపుకి బల్ల కింద దూరతారట. నేను సీసాని మళ్ళీ ఆవిడ మోకాలికి కట్టి, లేచి ఆవిడ సంచి కూడా నా భుజానికి తగిలించుకున్నాను. గైడు ఏ భాషలో అర్థం చేసుకున్నాడో గానీ, కింది దారి పట్టాడు.

దారి పొడుగునా అక్క నాకు ముందే నడిచింది. చెయ్యి ఇస్తే పట్టుకోలేదు. గైడు చేతికర్ర ఇస్తే మాత్రం తీసుకుంది. ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి, కనుమని కళ్ళారా చూసుకుంది. ఆ టోపీ వెనకాల నడుస్తూ నేను నన్ను తిట్టుకున్నాను, మళ్ళీ సమాధానపడ్డాను, మళ్ళీ తిట్టుకున్నాను.

మంచు అయిపోయి గడ్డి మొదలైన చోట ఒక పెద్ద బండ ఉంది. అక్క దాని మీద కూర్చుని, మోకాలికి కట్టిన సీసా విప్పింది. ఎండకో, ఆవిడ మోకాలి వేడికో, లోపల సగం నీళ్ళయి, మధ్యలో ఐస్ ముద్ద తేలుతోంది. సగం తాగి, సీసా నా వైపు చాచింది.

"తాగు."

తాగాను. నీళ్ళు పళ్ళు జివ్వుమనేలా ఉన్నాయి.

"కోపం వచ్చిందా అక్కా?"

"రాదా మరి? మస్తు వచ్చింది. ఇంకా పోలే." కాసేపు కాలు చాపుకుని మోకాలు రుద్దుకుంది. "బకాలాల పెరుగు తేనీకె ఏడ్చిన పిల్లవు. నేను పోయినంక ఒక్కదానివే దోహల ఎట్ల బతుకుతవో అని నెల నుంచి నాకు నిద్ర లేదు. మీ బావను అడుగు, ఎరుకైతది. ఇయ్యాల నన్నే ఆపినవు గదనే. ఇగ నాకు రంది లేదు. నిమ్మలంగ పోత."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అక్క నా తలని తన భుజానికేసి అదుముకుని, రెండో చేత్తో సీసా మూత బిగించింది.

"ఏడ్వకు పిల్లా, నీళ్ళు అసలే తక్కువున్నయి."