మా ఇంట్లో కారం లేదని ఎవరు చెప్పారు?

ఆ రోజుల్లో, అంటే బీకాం పట్టా చేతికొచ్చిన కొత్తలో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఆ ధైర్యం తర్వాత ఎటు పోయిందో! ప్రత్తిపాడులో మా మేనత్త ఉండేది. ఊరి పక్క పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు మూతపడి, అందులో పనిచేసే నలుగురు ఆడవాళ్ళు వచ్చి వసారాలో కూర్చుంటే, ముందూ వెనకా చూడకుండా "మీకు పని నేను చూపిస్తాను" అని మాటిచ్చేసింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో కారం పట్టే మిషను పెట్టింది. అమ్మే బాధ్యత నాది. ఎర్ర ప్యాకెట్టు మీద బంగారు రంగు అక్షరాలు వేయించింది కూడా నేనే. (షెడ్డు కన్నా ప్యాకెట్టే బాగుందని అందరూ అన్నారు.) వేసవి దాటేలోగా సరుకు కదలకపోతే ఆ నలుగురూ పిల్లల్ని వదిలి పనికి వలస పోవలసిందే.

మా వైపు ఎండాకాలం వస్తే ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని, డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, దగ్గరుండి పట్టించి జాడీకెత్తుకోవడం ప్రతి ఇంటికీ పరువు. అలాంటి ఊళ్ళో నేను కారం ప్యాకెట్లు సంచిలో వేసుకుని బయల్దేరాను. మొదటి గడపే కలెక్టరు మామ్మది. (ఆవిడ ఏ ఆఫీసూ చూడలేదు. ఊరందరికీ ఉత్తర్వులిస్తుందని ఆ పేరు.) ప్యాకెట్టు చూడగానే ఆవిడ మొహం కూడా అదే రంగుకొచ్చింది.

"ఏవే అమ్మాయ్, మా ఇంట్లో కారం లేదని ఎవరే చెప్పింది నీకు?"

"ఎవరూ చెప్పలేదు మామ్మగారూ, ఊరికే..."

"ఊరికేనా? కారం కొనుక్కు తినే గతి పట్టిందా మాకు? రా, చూద్దువుగాని!"

చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి జాడీ మూత తీసింది. అడుగున గరిటెడుంటే గొప్ప. పక్కనే ఆ ఏటి కాయల బస్తా మూతి కూడా విప్పకుండా ఉంది. ఆవిడ గబుక్కున మూత పెట్టేసింది.

"మోకాళ్ళు పడిపోయాయే. కూచుని తొడిమలు తియ్యలేకపోతున్నా" అంది చిన్న గొంతుతో. అంతలోనే, "బయట ఎవరితోనన్నా అన్నావో, కాళ్ళు విరగ్గొడతా!"

నాకెలా తోచిందో, "మీరు కారం కొనొద్దు మామ్మగారూ. కాయలు మీవే, మెంతులు మీవే. మావాళ్ళు తొడిమలు తీసి మీ కళ్ళ ముందే పట్టిస్తారు" అనేశాను.

మర్నాడు బస్తాతో పాటు తన కుర్చీ కూడా మోయించుకుని షెడ్డుకొచ్చింది. "ఇంకొకళ్ళ కాయ ఒక్కటి కలిసిందా, ఊరుకోను" అని తుమ్ముతూనే కాపలా కాసింది. ఆవిడే వచ్చాక ఇక మిగతావాళ్ళకి నామోషీ ఏముంది? బస్తాలు వరస కట్టాయి. ఊళ్ళో ఇన్ని ఇళ్ళల్లో మోకాళ్ళ నొప్పులు దాక్కున్నాయని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ నలుగురూ ఎక్కడికీ పోలేదు. పైగా ఇంకొంతమందిని వెంటబెట్టుకొచ్చారు. ఇప్పుడు వినుకొండలోనూ పొదిలిలోనూ కూడా మా అత్త షెడ్లున్నాయి. ఈ మాట నలుగురిలో చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఎంత గర్వమో.

నేను పెళ్ళయి గుంటూరు వచ్చేశాను. మొన్నామధ్య ఎవరో తలుపు కొడితే తీశాను. చురుకైన అమ్మాయి ఒకతె మా ఎర్ర ప్యాకెట్టు పట్టుకుని నిలబడి ఉంది, అవే బంగారు అక్షరాలు. నేనెవరో తనకు తెలీదు. "కారం కావాలాండీ?" అంది.

"మా ఇంట్లో కారం లేదని ఎవరమ్మా చెప్పింది నీకు?" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆ అమ్మాయి ఏమీ బెదరలేదు. "ఎవరూ చెప్పలేదండీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?" అంది. "ఎవరైనా ఇలా అంటే అదే అడగమన్నారండీ, ప్రత్తిపాడులో మా మేడంగారు."

నొప్పిగానే ఉన్నాయి. నవ్వుకుంటూ లోపలికి రమ్మని కుర్చీ వేశాను.